నాలుగు వరుసలు, ఒకే ట్యూబు: ఒక మల్టీప్లెక్స్ పీసీఆర్ కిట్‌పై మూడు నెలల అనుభవం

తార్నాకలోని మా చిన్న ప్రయోగశాలలో వాడుతున్న ఈ రియల్‌టైమ్ పీసీఆర్ కిట్ (పీసీఆర్ అంటే డీఎన్‌ఏకు సైకిల్ సైకిల్‌కూ నకళ్లు తీసే పద్ధతి; రియల్‌టైమ్ అంటే ఆ పెరుగుదల అప్పటికప్పుడే కనబడడం), నాలుగు డీఎన్‌ఏ వరుసలను ఒకే ట్యూబులో వృద్ధి చేసి, ఫామ్, హెక్స్, రాక్స్, సై5 అనే నాలుగు రంగులతో దేనికదే గుర్తిస్తుంది. 1988లో డుషెన్ కండర క్షీణతకు కారణమైన జన్యులోపాల కోసం ప్రకటితమైన ఈ మల్టీప్లెక్స్ పద్ధతిలో అసలు చిక్కంతా ప్రైమర్ల (నకలు ఎక్కడ మొదలవాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కల) పొందికలోనే ఉంది. అన్నీ దాదాపు ఒకే ఉష్ణోగ్రత వద్ద డీఎన్‌ఏకు అతుక్కోవాలి, తమలో తాము మాత్రం అతుక్కోకూడదు. ఆ విషయంలో కిట్టుకు వంక పెట్టలేము: డీఎన్‌ఏ వేయని కంట్రోల్ ట్యూబులో 40 సైకిళ్లు ముగిసినా రంగుల కాంతిని చూపే గీత పైకి లేవలేదు. నమూనాను పదేసి రెట్లు పలుచన చేసినప్పుడు గీత పైకి లేవడంలో మెట్టుకు సుమారు 3.3 సైకిళ్ల తేడా వచ్చింది, అంటే ప్రతి సైకిల్‌లోనూ డీఎన్‌ఏ దాదాపు రెట్టింపవుతున్నట్టే.

అయితే ఒక వరుస మరీ ఎక్కువగా ఉన్న నమూనాల్లో నకళ్లు తీసే ఎంజైమునూ, వాటికి ముడిసరుకైన న్యూక్లియోటైడ్లనూ అదే మింగేయడం వల్ల, కొద్దిగా ఉన్న, సై5 రంగుతో గుర్తించే వరుస రెండుసార్లు కనబడకుండా పోయింది; విడిగా చేస్తే కనబడింది.

సరఫరాదారుపై ఫిర్యాదు వేరు. మే ఎండల్లో వచ్చిన పెట్టెలో డ్రై ఐస్ పూర్తిగా హరించుకుపోయి, మైనస్ 20 డిగ్రీల వద్ద ఉండవలసిన ఎంజైము మిశ్రమం చేతికి గోరువెచ్చగా తగిలింది. దాన్ని మార్చి కొత్తది ఇవ్వడానికి 12 రోజులు పట్టింది.