మూడో పుస్తకంలోని వీలునామాలు: సబ్ రిజిస్ట్రార్ కార్యాలయపు నకళ్ల సేవపై సమీక్ష

పూర్వికుల వివరాలు వెతికేవారు మన ప్రాంతంలో సాధారణంగా పెద్దల జ్ఞాపకాలను, పురోహితులు చెప్పే గోత్రప్రవరలను, ఇంట్లో మిగిలిన పాత దస్తావేజులను ఆశ్రయిస్తారు. రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే పాత వీలునామా సర్టిఫైడ్ నకలు వీటన్నిటికన్నా ఎక్కువ చెప్పగలిగినా, దాన్ని ఈ పనికి వాడేవారు తక్కువ. మా తాతగారి తండ్రి 1938లో రిజిస్టరు చేయించిన వీలునామా నకలును కోస్తాలోని ఒక సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి తీసుకున్నాను. వంశచరిత్రకు ఈ సేవ ఎంతవరకు ఉపకరిస్తుందో ఆ అనుభవంతో రాస్తున్నాను.

ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి, అందులో వీలునామా కనిపించలేదని వెనుదిరిగేవారు చాలామంది ఉన్నారు. ఈసీకి ఆధారం స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే ఒకటో పుస్తకం. వీలునామాలు, దత్తత అధికార పత్రాలు (దత్తత తీసుకునే అధికారం ఇచ్చేవి) 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం మూడో పుస్తకానికి వెళ్తాయి. ఆ పుస్తకాన్ని మనం తిరగేయడానికి వీల్లేదు, వెతకవలసింది అధికారే. అయితే రాసిన వ్యక్తి బతికి ఉన్నంతకాలం ఆయనకు, ఆయన ఏజెంటుకు తప్ప మరెవరికీ ఇవ్వని నకలును, ఆయన మరణించాక దరఖాస్తు చేసిన ఎవరికైనా ఇవ్వాలని అదే చట్టంలోని 57వ సెక్షను చెబుతోంది. వారసత్వం నిరూపించుకోవలసిన పని లేదు కనుక, ఆస్తితో ఏ సంబంధమూ లేని మునిమనవరాలు కూడా నిస్సంకోచంగా అడగవచ్చు.

చేతికి వచ్చిన నకలు విలువను ఎంత చెప్పినా తక్కువే. హిందూ వారసత్వ చట్టం 1956లో రాకముందు, ఉమ్మడి కుటుంబ సభ్యుడు పిత్రార్జితంలో తన అవిభక్త వాటాను వీలునామా ద్వారా ఎవరికీ ఇవ్వలేకపోయేవాడు. అందువల్ల ఆనాటి వీలునామాల్లో ఫలానా భూమి తన స్వార్జితమని, దానికి సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో, అన్నదమ్ములతో పంపకాలు ఏ సంవత్సరంలో జరిగాయో రాసినవారు వివరంగా చెప్పుకుంటారు. చట్టం అడ్డుకున్న చోటనే కుటుంబ కథ బయటపడుతుంది. మా పత్రంలో ఆయన తన దత్తత తండ్రి పేరును, జనక తండ్రి పేరును, రెండు ఊళ్లను విడివిడిగా రాయించారు. మేము ఇప్పుడు వాడుతున్న ఇంటిపేరు దత్తతతో వచ్చిందని మా తరంలో ఎవరికీ తెలియదు. ఫలానా ఇంటిపేరు వారితో వియ్యం కూడదని నాయనమ్మ ఎందుకు పట్టుబట్టేదో ఆ రెండు వాక్యాలు చదివాక అర్థమైంది.

స్త్రీల పేర్లు దొరకడం నా దృష్టిలో ఈ పత్రాల అసలైన గొప్పతనం. వంశవృక్షాల్లో కొడుకుల పేర్లే మిగులుతాయి. వీలునామాలో మాత్రం పసుపు కుంకుమ కింద భూమి పొందిన కూతురు, ఆమె అత్తవారి ఊరు, మనోవర్తి ఏర్పాటు చేసిన వితంతువైన చెల్లెలు, జీవితకాలం అనుభవించే హక్కు మాత్రమే దక్కిన భార్య అందరూ కనిపిస్తారు. పొలం హద్దుల్లో రాసిన పేర్లు, సాక్షులు, దస్తూరి రాసిన వ్యక్తి, రిజిస్ట్రారు ఎదుట వీలునామా కర్తను గుర్తించినవారు కూడా తరచు బంధువులో పొరుగువారో అయి ఉంటారు కాబట్టి వాటిని వదలకుండా రాసుకోవాలి.

సేవలోని లోపాలు ప్రధానంగా వెతుకులాటలో ఉన్నాయి. ఆస్తి ఉన్న చోటి కార్యాలయంలోనే రిజిస్టరు చేయాలన్న నియమం వీలునామాకు లేదు. కనుక సొంత ఊరితో పాటు కూతురి ఊరు, చివరి రోజుల్లో వైద్యం చేయించుకున్న పట్నం కూడా లెక్కలోకి తీసుకోవాలి. మూడో పుస్తకపు పేర్ల పట్టిక అయిన సూచిక మూడులో, వీలునామా రాసిన వ్యక్తి పేరుతో పాటు దాన్ని అమలు చేయడానికి నియమించిన ఎగ్జిక్యూటర్ల పేర్లూ ఉంటాయి కాబట్టి, తెలిసిన పేర్లన్నీ దరఖాస్తులో ఇవ్వడం మంచిది. నేను వెళ్లిన చోట సూచిక అంచులు చిట్లిపోయి ఉన్నాయి. పాత గొలుసుకట్టు రాత చదవగలిగిన ఉద్యోగి ఒక్కరే ఉన్నారు. ఆయన ఓపికకు నేను రుణపడి ఉన్నాను. మొదట ఇచ్చిన టైపు నకలులో మాత్రం ఇంటిపేరులోని ఒక అక్షరం మారిపోయింది. ఆస్తి తగాదాలో అది చిన్న పొరపాటు కావచ్చు గాని, వంశచరిత్రలో అది మరో కుటుంబానికి దారి తీస్తుంది. మూలపు పుటను యథాతథంగా జిరాక్సు తీసి ధ్రువీకరించమని అడిగాక సరైన ప్రతి వచ్చింది. మొదటే అలా అడగమని నా సలహా. మరణ ధ్రువపత్రం విషయంలోనూ ఇబ్బంది ఉంది. ఎప్పుడో పోయినవారికి అది దొరకకపోతే, రికార్డు లేదన్న ధ్రువీకరణ తెచ్చుకోవలసి వస్తుంది.

పూర్వికులు మద్రాసు నగరంలో స్థిరపడినా, అక్కడ ఆస్తి సంపాదించినా ఈ కార్యాలయాలతో ఆగకూడదు. హిందూ వీలునామాల చట్టం 1870లో వచ్చాక ఆ నగరంలో ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) అవసరమైంది కనుక మద్రాసు హైకోర్టు రికార్డులూ చూడాలి. తెలుగు జిల్లాల్లోని హిందూ కుటుంబాలకు ఆ నిర్బంధం లేకపోవడం వల్లనే మూడో పుస్తకానికి మన దగ్గర ఇంత ప్రాధాన్యం వచ్చింది. నిజాం రాష్ట్రంలో పాలనా భాష ఉర్దూ కాబట్టి, తెలంగాణ కుటుంబాలు ఆనాటి పత్రాల కోసం ఉర్దూ చదవగలవారిని వెంట తీసుకువెళ్లాలి. ఆ పత్రాల్లో తేదీ ఫసలీలో (ఆనాటి రెవెన్యూ లెక్కల సంవత్సరంలో) ఉంటే, దానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది.

నకలు సేవకు నేను మంచి మార్కులే వేస్తాను, వెతికిపెట్టే సేవకు సగం కూడా వేయలేను. 1983 తర్వాతి ఈసీలు ఇంట్లో కూర్చుని చూడగలుగుతున్నాం. మరణించినవారి వీలునామాలను ఎవరికైనా ఇవ్వాలని చట్టమే చెబుతున్నప్పుడు, కనీసం 1950కి ముందరి సూచిక మూడు పుటలను ఫొటోలు తీయించి జిల్లా రిజిస్ట్రారు కార్యాలయాల్లోనైనా అందుబాటులో ఉంచాలి. నేను చూసిన పుటలు తిరగేసిన ప్రతిసారీ కొంత రాలుతున్నాయి.