ఈ ఏడాది డబ్బులు పళ్ళ సందుల్లో పెట్టండి: ఇంటర్‌డెంటల్ బ్రష్ సమీక్ష

జనవరి మొదటి వారంలో ఆన్‌లైన్ బుట్టల్లో చేరే సరుకు ఏటా ఒకటే: ఎలక్ట్రిక్ బ్రష్, పళ్ళు మెరిపిస్తానని చెప్పే బొగ్గు పేస్టు, నీలం రంగు మౌత్‌వాష్. సంక్రాంతి పిండివంటల డబ్బాలు ఖాళీ అయ్యేసరికి వీటి మోజు కూడా తీరిపోతుంది. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే, పళ్ళ సందులు తోమే ఇంటర్‌డెంటల్ బ్రష్‌ని మాత్రం అడిగేవాళ్ళు తక్కువ. పాలసీసా కడిగే బ్రష్‌ని అగ్గిపుల్లంత చేసి చిన్న పిడి తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నోటి కోసం కొత్తగా ఒక్కటే అలవాటు చేసుకోదలిస్తే మా ఓటు దీనికే. కాకపోతే సైజు తప్పితే ఇంత చిరాకు పెట్టే వస్తువు ఇంకోటి ఉండదు. కొన్న రెండో రోజే చెత్తబుట్టలోకి పోయేది అందుకే.

పన్నుకి 5 ముఖాలు. బయటివైపు, నాలుక వైపు, నమిలే వైపు - ఈ మూడింటినీ మామూలు బ్రష్ చూసుకుంటుంది. పక్క పంటికి ఆనుకున్న రెండు ముఖాల దగ్గరికి దాని కుచ్చు చేరదు, ఎంతసేపు తోమినా సరే. అక్కడ మిగిలిపోయిన పాచి లాలాజలంలోని కాల్షియం పట్టి రెండు మూడు రోజుల్లో గట్టిపడటం మొదలుపెడుతుంది. అదే గార. గార కట్టాక ఏ బ్రష్షూ దాన్ని ఊడదీయలేదు, డాక్టరు దగ్గర స్కేలింగ్ (పరికరంతో గార గీకించడం) చేయించాల్సిందే. పండగ రోజుల్లో నువ్వుండ పలుకో, నాటుకోడి పీచో ఇరుక్కుంటే మనవాళ్ళ చెయ్యి ముందు పిన్నీసు మీదికి పోతుంది. పిన్నీసు పీచునైతే లాగుతుంది గానీ పాచిని కదపదు, పైగా చిగురుని గీరి పుండు చేస్తుంది.

ఈ రకంలో బాగా పేరున్నది స్వీడన్ కంపెనీ టెపే. గులాబీ రంగు (0.4 మి.మీ.) నుంచి నలుపు (1.5 మి.మీ.) దాకా 9 సైజులున్నాయి. ఆ అంకె తీగ మందం, పళ్ళ సందు వెడల్పు కాదు. తీగ మీద ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి పంటికి ఇనుము నేరుగా తగలదు. వేరే కంపెనీల బ్రష్‌లూ దొరుకుతాయి గానీ ఒకరి నారింజ రంగు ఇంకొకరి నారింజ రంగుకి సమానం కాదు. కంపెనీ మారినప్పుడు రంగుని నమ్మకుండా ప్యాకెట్ మీద ఐఎస్ఓ సంఖ్య (కంపెనీలన్నిటికీ ఒకటే అయిన అంతర్జాతీయ కొలత) చూడాలి: 0 అంటే బాగా సన్నది, అంకె పెరిగేకొద్దీ లావు. సాధారణంగా ముందు పళ్ళకి సన్నది, దవడ పళ్ళకి కాస్త లావుది కావాలి. అంటే ఒక నోటికి రెండు, ఒక్కోసారి మూడు సైజులు పడతాయి. ఒకే సైజు ప్యాకెట్ కొని నోరంతా దానితోనే లాగించేద్దామనుకోవడం దగ్గరే చాలామందికి బెడిసికొడుతుంది.

సరైన సైజుకి గుర్తు ఏమిటంటే తీగ దేనికీ రాసుకోకుండా దూరాలి, కుచ్చు మాత్రం రెండు పళ్ళనీ ఒరుసుకుంటూ పోవాలి. అడ్డు లేకుండా జారిపోయిందంటే అది చిన్నది. తోస్తేగాని దూరలేదంటే పెద్దది, వెంటనే ఆపేయండి. ఎప్పుడూ సన్నదానితోనే మొదలుపెట్టాలి.

వాడే వేళ రాత్రి, పేస్టుతో తోమడానికి ముందు. ముందు సందులు శుభ్రమైతే తర్వాత పేస్టులోని ఫ్లోరైడ్ అక్కడిదాకా చేరుతుంది. అద్దం ముందు నిలబడి బ్రష్‌ని నీళ్ళలో తడపండి. దీనికి పేస్టు రాయకూడదు. పేస్టులోని గరుకు చిగురు దిగిపోయిన చోట బయటపడ్డ పంటి వేరుని అరగదీస్తుంది, ఆ భాగానికి ఎనామిల్ కాపు ఉండదు మరి. ముందు పళ్ళకి తిన్నగా, చిగురుని ఆనుకుని, కింది పళ్ళకైతే మొన కాస్త పైకి, పై పళ్ళకైతే కాస్త కిందికి ఉండేలా దూర్చండి. చిగురు కొసని గుచ్చకుండా ఉండటానికే ఆ వంపు. కుచ్చు మొత్తం అవతలికి వెళ్ళి తిరిగి వచ్చేలా నాలుగైదు సార్లు లాగండి. సందు సందుకీ కుళాయి కింద కడగండి.

చాలామంది వదిలేసేది దవడ పళ్ళ దగ్గరే. నోరు బారెడు తెరిస్తే బుగ్గ బిగుసుకుపోయి చెయ్యి ఆడదు. సగమే తెరిచి, తీగని వేలితో మెల్లగా కొడవలిలా వంచితే బుగ్గ పక్కనుంచి తేలిగ్గా దూరుతుంది. వంపు తీగ మధ్యలో, గుండ్రంగా రావాలి. పిడి దగ్గర, తీగ మొదలయ్యే చోట మడిచారంటే రెండు రోజుల్లో అక్కడే విరుగుతుంది. ఈ బ్రష్‌లు విరగడంలో ఎక్కువ భాగం ఆ ఒక్క చోటే, పిడిని ఏటవాలుగా పట్టి తోసినప్పుడు. తీగ వంకర తిరిగినా, కుచ్చు ఊడినా పారేయడమే. అప్పటిదాకా ఒక బ్రష్ వారం రోజులు, జాగ్రత్తగా వాడితే ఇంకొన్నాళ్ళు వస్తుంది. తడి బ్రష్‌కి మూత బిగించకండి, గాలికి ఆరనివ్వండి.

మొదటి వారం రక్తం వస్తుంది. "బ్రష్ కోసేసింది" అని మానేసేది ఇక్కడే. రక్తం వచ్చేది చిగురు అప్పటికే వాచి ఉంది కాబట్టి. పాచి రోజూ పోతుంటే వారం పది రోజుల్లో వాపు తగ్గి రక్తం ఆగిపోతుంది. రెండు వారాలు దాటినా కారుతుంటే లోపల గార ఉండొచ్చు, డాక్టరుకి చూపించాలి. షుగరు ఉన్నవాళ్ళు అంతదాకా ఆగొద్దు. ఇంకో ఫిర్యాదు "సందులు పెద్దవైపోయాయి" అని. వాచిన చిగురు కప్పేసిన సందు వాపు తీయగానే కనబడుతుంది, అంతే. స్కేలింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయన్న మాట పుట్టిందీ ఇలాగే.

అందరికీ పనికొచ్చే వస్తువు మాత్రం కాదు. పళ్ళు ఒత్తుగా ఉన్న కుర్రవాళ్ళకి 0 సైజు కూడా దూరదు, వాళ్ళకి ఫ్లాసే, అంటే పళ్ళ సందుల్లో ఆడించే సన్న దారం. 45 సెంటీమీటర్ల దారం తీసుకుని రెండు మధ్యవేళ్ళకీ చుట్టి, రంపంలా ఆడిస్తూ దించి, పంటికి చుట్టినట్టు వంచి పైకీ కిందికీ లాగాలి. టక్కున కిందికి నొక్కితే చిగురు తెగుతుంది. సందు ఉన్నచోట మాత్రం బ్రష్‌దే పైచెయ్యి. వైద్య పరిశోధనలన్నీ కూడగట్టి తూచే కోక్రేన్ సంస్థ 2019 సమీక్ష కూడా ఫ్లాస్ కంటే ఈ బ్రష్‌లు మెరుగు కావచ్చనే చెప్పింది, ఆధారాలు అంత గట్టివి కావన్న మాట దాచకుండా. నీళ్ళ ధారతో కొట్టే వాటర్ ఫ్లాసర్ పళ్ళకి క్లిప్పులు, బ్రిడ్జిలు (పక్క పళ్ళకి అతికించిన కట్టుడు పళ్ళు) ఉన్నవాళ్ళకి మంచి తోడు. మెతుకునీ పీచునీ తోసేస్తుంది గానీ పంటిని పట్టుకున్న పాచి మీద రాపిడి పెట్టలేదు. ఎలక్ట్రిక్ బ్రష్ చెడ్డదేం కాదు. 2014 కోక్రేన్ లెక్కలో 3 నెలలు దాటాక మామూలు బ్రష్ కంటే పాచి 21 శాతం తగ్గించింది. అయినా అదీ సందుల్లోకి వెళ్ళదు. బొగ్గు పేస్టుకి మేం మార్కులు వేయం.

పేస్టు గురించి ఒక్క మాట. మన దేశంలో టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల పాళ్ళలో వెయ్యి) మించకూడదు, ఎంత ఉందో ట్యూబు మీద వేయాలి. ఆ అంకె లేని పేస్టు ఎంత వేప, ఎంత లవంగం చెప్పినా పిప్పిపళ్ళని ఆపడంలో వెనకే. నల్గొండ వైపు ఫ్లోరైడ్ అంటేనే భయపడతారు, న్యాయమే. అక్కడ కీడు చేసింది ఏళ్ళ తరబడి తాగిన నీళ్ళు. ఉమ్మేసే పేస్టుతో పెద్దవాళ్ళకి ఆ చిక్కు లేదు. మింగేసే వయసు పిల్లలకి మాత్రం మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత, అదీ పెద్దవాళ్ళు పక్కనుండి.

కొనేముందు స్కేలింగ్‌కి వెళ్ళే పని ఉంటే డాక్టరునే ఏ సందుకి ఏ సైజో పెట్టి చూడమనండి, కుర్చీలో ఉండగానే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అది ఫోన్‌లో రాసుకోండి: ముందు గులాబీ, కుడి దవడ నీలం అని. డాక్టరు దాకా వెళ్ళనివాళ్ళు రకానికొకటి ఉండే కలగలుపు ప్యాకెట్ తీసుకుని, సరిపోయినవి తేలాకే పెద్ద ప్యాకెట్ కొనండి.