ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయింది: ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కా, పోలీస్ స్టేషన్‌కా?

ఖర్చు: రెండింటికీ పైసా అక్కర్లేదు.

వేగం: అసలు తేడా ఇక్కడే. 1930కి చెప్పిన వివరాలు బ్యాంకులకు చేరితే, దొంగ ఖాతాలో మిగిలిన సొమ్మును అక్కడే ఆపేస్తారు. దొంగలు దాన్ని నాలుగు ఖాతాలు మార్చేలోపే ఇది జరగాలి. మా పిన్ని ఖాతాలోంచి డబ్బు పోయినరోజు ఆవిడ ఏడుస్తూనే ఉంది. నేను యూపీఐ యాప్ తెరిచి, ఆ లావాదేవీ 12 అంకెల రిఫరెన్స్ నంబరును ఒక్కొక్క అంకే చదివి 1930కి చెప్పాను. ఆ నంబరు ముందే దగ్గర పెట్టుకోండి.

శ్రమ: 1930కి ఫోన్ చాలు, లైన్ కలిసేదాకా ఓపిక కావాలి. స్టేషన్‌కైతే బ్యాంకు స్టేట్‌మెంట్, స్క్రీన్‌షాట్లు పట్టుకుని వెళ్లాలి. ‘మా పరిధి కాదు’ అంటే వెనక్కి రాకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పోలీసులు కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. ఎఫ్‌ఐఆర్ కాపీ కూడా ఉచితంగా ఇవ్వాలి.

రిస్క్: 1930 ఫిర్యాదు నంబరు వచ్చినంత మాత్రాన ఎఫ్‌ఐఆర్ అయినట్టు కాదు. చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు, అదే నా బాధ.

డబ్బు ఇప్పుడే పోయిందా, ముందు 1930. పోయి నెలలు దాటినా, మోసగాడు తెలిసినవాడైనా, బెదిరింపులు వస్తున్నా నేరుగా స్టేషన్‌కే వెళ్లండి.