ఫ్రెట్లు లేని బేస్ నెక్: ఏళ్ళ తరబడి వాడిన తరువాత

నెక్‌ను మరలతో బిగించే రకం బేస్ గిటార్ ఒకదానికి ఫ్రెట్లున్న నెక్ ఒకటి, ఫ్రెట్లు లేనిది ఒకటి పెట్టుకుని, అవసరాన్నిబట్టి మార్చుకుంటూ చాలా ఏళ్ళుగా వాయిస్తున్నాను. నెక్ అంటే వేళ్ళతో తీగలను నొక్కే పొడవాటి మెడ భాగం, ఫ్రెట్లంటే దాని మీద స్వరస్థానాల దగ్గర అడ్డంగా బిగించే సన్నని లోహపు పట్టీలు. రెండు నెక్‌లూ 34 అంగుళాల స్కేలువే, అంటే కంపించే తీగ పొడవు రెండింటికీ అంతే. బాడీ, తీగల కంపనాన్ని పట్టే పికప్‌లు, బాడీ మీద తీగలను మోసే బ్రిడ్జి మారవు కనుక, వినిపించే తేడా నెక్‌ది, దాని మీద బిగించిన తీగలది మాత్రమేనని ధైర్యంగా చెప్పగలను. ఏ నెక్ తీసుకోవాలా అని ఆలోచించేవారికి ముందుగా ఎదురయ్యే హెచ్చరిక శ్రుతి గురించినది. ఆ కష్టం నిజమే కాని సాధనకు లొంగుతుంది. సాధనకు లొంగనిది, బాగా ఆలస్యంగా బయటపడేది మరొకటి ఉంది. ఫ్రెట్లున్న నెక్‌లో అరిగేది లోహం, ఫ్రెట్లు లేని నెక్‌లో అరిగేది చెక్క. ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా దాని గురించే.

అయినా ఇష్టం సంగతి ముందు చెప్పకపోతే, ఇంత అవస్థపడి ఆ నెక్‌ను ఎందుకు ఉంచుకున్నానో అర్థం కాదు. ఫ్రెట్ మీద నొక్కిన స్వరం మీటిన క్షణంలోనే అత్యంత స్పష్టంగా ఉండి, అక్కడి నుంచి క్రమంగా సన్నగిల్లుతుంది. తీగలను తక్కువ ఎత్తులో అమర్చిన ఫ్రెట్‌లెస్ నెక్ మీద వరుస తిరగబడుతుంది. తీగ వేలి ముందున్న చెక్కను చాలా తేలికగా రాసుకుంటూ కంపిస్తుంది కాబట్టి, మొదట కాస్త మొద్దుగా పుట్టిన స్వరం ఆ తరువాత పైనున్న హార్మోనిక్స్‌ను (మూలస్వరంతోపాటు పలికే ఉపస్వరాలను) ఒక్కొక్కటిగా కలుపుకుంటూ విచ్చుకుంటుంది. నా వాద్యంలో ఈ గుణం జి తీగ మీద ఏడో స్థానంలోని (ఏడో ఫ్రెట్ ఉండవలసిన చోటి) డి స్వరంలో అన్నిటికంటె బాగా పలికేది. వేలిని తీగ పొడవునా ముందుకూ వెనక్కూ దొర్లిస్తే, అంటే వైబ్రాటో వేస్తే, స్వరం పైకీ కిందికీ సమంగా ఊగుతుంది. ఫ్రెట్ల మీద తీగను పక్కకు లాగితే శ్రుతి పైకి పోవడమే తప్ప కిందికి రాదు. నిదానంగా సాగే పాటలో ఆ ఒక్క డి స్వరాన్ని ఎంతసేపు నిలిపినా విసుగు పుట్టేది కాదు, కనుక అవసరం ఉన్నా లేకపోయినా దాని మీదికే వెళ్ళేవాణ్ణి.

శ్రుతి విషయం క్లుప్తంగా చెబుతాను. ఫ్రెట్లున్న నెక్‌లో వేలు ఫ్రెట్‌కు కొంచెం వెనుక ఎక్కడ పడినా స్వరాన్ని నిర్ణయించేది ఆ లోహపు పట్టీయే. ఇక్కడ వేలి కొనే ఫ్రెట్, కాబట్టి అది ఫ్రెట్ల స్థానంలో చెక్కలో పొదిగిన గీతకు వెనుక కాక సరిగ్గా గీత మీదే పడాలి. ఏడో స్థానంలో వేలు మూడు మిల్లీమీటర్లు తప్పితే శ్రుతి సుమారు 9 సెంట్లు (సెంటు అంటే పక్కపక్క ఫ్రెట్ల మధ్య అంతరంలో నూరో వంతు) మారుతుంది. ఒంటరిగా వాయించేటప్పుడు అది ఎవరి చెవికీ తగలదు. ఒకసారి రికార్డింగ్‌లో కీబోర్డ్ ఎడమచేతి భాగమూ నా బేసూ ఒకే పంక్తిని కలిసి వాయించవలసి వచ్చింది. 110 హెర్ట్జ్ ఉన్న 'ఏ' (A) స్వరం దగ్గర ఆ 9 సెంట్ల తేడా రెండు సెకన్లలోపే ఒకసారి పొంగి కుంగే విస్పందనగా స్పీకర్లలో వినిపించింది. వైబ్రాటోతో కప్పిపుచ్చబోతే పంక్తి స్వభావమే మారిపోయింది. ఆ భాగాన్ని చివరికి ఫ్రెట్లున్న నెక్ బిగించి వాయించాను, అలాంటి పనికి ఇప్పటికీ అదే బిగిస్తాను. ఇది ఫ్రెట్‌లెస్ నెక్ లోపం కాదు. స్థిరమైన శ్రుతి గల వాద్యంతో అచ్చంగా ఒకే గొంతుగా వినిపించడం దాని పని కాదంతే.

ఇక అసలు సంగతి. నా ఫ్రెట్‌లెస్ నెక్ ఫింగర్‌బోర్డ్ (వేళ్ళు తీగలను అదిమే పై చెక్క) రోజ్‌వుడ్‌ది. మొదటి నుంచి దాని మీద స్టెయిన్‌లెస్ స్టీల్ రౌండ్‌వౌండ్ (గుండ్రని సన్న తీగను చుట్టిన, పైన గరుకుగా ఉండే) తీగలే వాడాను, ఎందుకంటే పైన చెప్పిన విచ్చుకునే గుణం వాటితో వచ్చినంతగా మరే తీగలతోనూ రాదు. అడిగినవారందరికీ కూడా అవే చెప్పేవాణ్ణి. అలా బాగానే సాగుతున్న రోజుల్లో ఆ డి స్వరం కుంచించుకుపోవడం మొదలైంది. మీటగానే మామూలుగా పుట్టి, విచ్చుకోబోయే సమయానికి బర్రుమని గొంతు పట్టేసినట్టు అణిగిపోయేది. దానికి అటు 'సి' (C) స్వరమూ ఇటు 'ఇ' (E) స్వరమూ చక్కగానే ఉన్నాయి. చిత్రమేమిటంటే వేలిని కదపకుండా నొక్కితే బాధ మరీ ఎక్కువ, వైబ్రాటోతో నొక్కితే కొంత తక్కువ.

తీగ పాతబడిందని కొత్తది వేశాను, ఫలితం లేదు. నెక్ వంపు మారిందేమోనని ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల దాని వంపును సరిచేసే లోహపు కడ్డీని) పావు చుట్టు వదులు చేస్తే, మిగతా స్వరాలన్నిటి కింద తీగ ఎత్తు పెరిగి చేతికి బరువైంది తప్ప ఆ ఒక్క స్వరం అలాగే ఉంది. గాలిలో తేమ మారినప్పుడు నెక్ కదలడం మామూలే కాబట్టి వాతావరణం మారేదాకా చూశాను. ఆఖరికి జి తీగను వదులు చేసి పక్కకు తప్పించి, అది నడిచే దారి వెంబడి ఒక ఉక్కు స్కేలును అంచు మీద నిలబెట్టి, వెనుక నుంచి టార్చి వేశాను. బోర్డు అంతటా స్కేలు చెక్కను అంటిపెట్టుకునే ఉంది. ఏడో గీత దగ్గర మాత్రం వేలెడు పొడవున, దాని కింద నుంచి సన్నని వెలుతురు పట్టీ బయటకు వచ్చింది. ఆ చోట గోటిని తీగ నడిచే దిశలోనే జరిపితే చిన్నచిన్న కణుపులు తగిలాయి. అవి రౌండ్‌వౌండ్ తీగ చుట్ల అచ్చులు. పల్లం నడుమ, వైబ్రాటో కోసం వేలు దొర్లే చోట, ఆ అచ్చులు కూడా చెరిగిపోయి నున్నగా ఉంది. అంటే నాకు అత్యంత ఇష్టమైన స్వరాన్ని నేను ఇష్టపడి వాయించిన కొద్దీ ఆకురాయితో గీకినట్టు చెక్కను తినేశాను.

అది ఎందుకు మోగడం మానిందో అప్పుడు తెలిసింది. పల్లంలోకి నొక్కిన తీగ చుట్టూ ఉన్న చెక్క మట్టం కంటె కిందికి దిగుతుంది. అక్కడి నుంచి బ్రిడ్జి వైపు లేవబోయేటప్పుడు పల్లం అంచు దానికి అడ్డం వస్తుంది. తీగ చెక్కను తేలికగా రాసుకుంటూ పోవడానికి బదులు ఆ అంచుకు కొట్టుకుని శక్తినంతా అక్కడే పోగొట్టుకుంటుంది. ఫ్రెట్లున్న నెక్‌లోనూ ఇలాంటి అరుగుదల ఉంటుంది. ఫ్రెట్ల నెత్తి చదునవుతుంది, తీగ నడిచే చోట గాడి పడుతుంది. అయితే వాటిని ఒక మట్టానికి తెచ్చి మళ్ళీ గుండ్రంగా చెక్కవచ్చు, అదీ కుదరకపోతే పాతవి పీకి కొత్తవి కొట్టవచ్చు, చెక్కకు దాదాపు ఏమీ కాదు. ఫ్రెట్‌లెస్ నెక్‌లో ఒక్క చోట పల్లం పడితే దాన్ని సరిచేయడానికి మొత్తం బోర్డునంతటినీ ఆ పల్లం అడుగు దాకా దించవలసి ఉంటుంది.

అదే చేయించాను. గిటార్లు బాగుచేసే నిపుణుడు నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే గాడుల దిమ్మె) ఊడదీసి, బోర్డును దాని వంపు చెడకుండా చిత్రిక పట్టి, గరుకు కాగితంతో నునుపు చేశాడు. గీతలు చెక్కలో లోతుగా పొదిగినవి కనుక నిలిచాయి. పని చాలా బాగా చేశాడు, డి స్వరం తిరిగి వచ్చింది. కాని బోర్డు దిగితే తీగలూ దిగాలి కదా. నట్‌లోని గాడులను లోతు చేయవలసి వచ్చింది. బ్రిడ్జి మీద తీగలు ఆనే శాడిల్‌లు అప్పటికే దాదాపు అడుగుకు దిగి ఉన్నాయి, ఎందుకంటే ఫ్రెట్ల ఎత్తు లేని నెక్‌కు తీగలు మొదటి నుంచీ కిందే ఉండాలి. ఇంకా దించే వీలు లేక, నెక్ కూర్చునే గూటిలో బ్రిడ్జి వైపు అంచున పలుచని చెక్కముక్క ఒకటి పెట్టి, నెక్ తల కొంచెం వెనక్కు వాలేట్టు బిగించాడు.

దాంతో నెక్ మార్పిడి సుఖం సగానికి పడిపోయింది. కొత్తలో మార్చడమంటే నాలుగు మరలు విప్పి బిగించి, శాడిల్‌లను ఫ్రెట్ ఎత్తు మేరకు లేపడమో దించడమో చేస్తే చాలు. ఇప్పుడు ఆ చెక్కముక్కను పెట్టడం తీయడం, తరువాత శాడిల్‌ల ఎత్తును నాలుగు తీగలకూ మళ్ళీ చూసుకోవడం తప్పవు. మాటిమాటికి విప్పి బిగించడం మరలు దిగిన చెక్కకూ మంచిది కాదు. ఒకే బాడీకి రెండు నెక్‌లు పెట్టుకోవడం తెలివైన పని అని నేను ఇంతకుముందు చాలామందికి చెప్పాను. ఏడాదిలో ఒకటి రెండు సార్లు మార్చేవారికి అది ఇప్పటికీ నిజం. వారం వారం మార్చవలసినవారు రెండు వాద్యాలు చూసుకోవడమే మేలు.

తీగల విషయంలో ఆ తరువాత చాలా ప్రయత్నించాను. ఫ్లాట్‌వౌండ్ (చదునైన పట్టీని చుట్టిన) తీగలు చెక్కను దాదాపు ముట్టుకోనట్టే ఉంటాయి, వేలి కింద నున్నగా జారుతాయి, జారు వాయించేటప్పుడు గీరుకుపోయే శబ్దం రాదు. స్వరం గుండ్రంగా, నిండుగా వస్తుంది, కాని విచ్చుకోవడం మూడొంతులు తగ్గిపోతుంది. చుట్ల పైభాగాన్ని కొంత చదును చేసిన హాఫ్‌రౌండ్ తీగలు ప్రస్తుతం నా వాద్యం మీద ఉన్నాయి. స్టెయిన్‌లెస్ కంటె మెత్తనైన నికెల్ పూత రౌండ్‌వౌండ్‌లు కూడా ఒక మధ్యేమార్గమే, అరుగుదలను అవి ఆపవు, నెమ్మది చేస్తాయి. ఫ్రెట్‌లెస్ బేస్‌కు పేరుపడ్డ వాద్యకారుడు, రౌండ్‌వౌండ్‌లను వదులుకోలేని జాకో పాస్టోరియస్ తన బోర్డు మీద పడవలకు వాడే ఎపాక్సీ అనే రెసిన్‌ను పూసుకున్నది ఈ బాధ తప్పించుకోవడానికే. ఆయన ధ్వనిలోని మెరుపులో ఆ గట్టి పూతకూ భాగం ఉంది. నేను పూత వేయించలేదు. వేలి కింద చెక్క తగలాలన్నది నా పట్టుదల, దానికి సంగీతపరమైన కారణం ఏదీ చూపలేను.

గీతలున్న బోర్డా, లేనిదా అన్న చర్చ పెద్దగా పట్టించుకోవలసినది కాదని నా అభిప్రాయం. పై నుంచి వాలుగా చూసినప్పుడు గీతలు ఉన్న చోటు కంటె కొంచెం పక్కన ఉన్నట్టు కనబడతాయి కనుక కన్ను మోసపోతుంది. నెక్ పక్క అంచున చుక్కలు గీతల స్థానంలోనే ఉంటే వాటితోనే పని జరుగుతుంది. కొన్ని నెక్‌లలో ఆ చుక్కలు రెండు స్థానాల మధ్యన, ఫ్రెట్లున్న నెక్‌లో ఉన్నట్టే ఉంటాయి. కొనే ముందు అది మాత్రం చూసుకోవాలి.

నేను వాయించేది ఎక్కువగా చిన్న బృందంలో, నిదానమైన పాటలు. స్లాప్ (తీగను బొటనవేలితో కొట్టి) వాయించను, కీబోర్డ్ నా పంక్తిని అంటుకుని రావడం అరుదు. ఈ పరిస్థితుల్లో నాకు ఫ్రెట్‌లెస్ నెక్కే ఇష్టం, దాని మరమ్మతు భారం ఎత్తుకోవడానికి సిద్ధపడ్డాను. ఒకే వాద్యం ఉండి, రకరకాల బృందాలతో వాయించవలసినవారికి ఫ్రెట్లున్నదే చెబుతాను. ఫ్రెట్‌లెస్ తీసుకోవాలని నిశ్చయించుకున్నవారు ముందు తమకు ఏ తీగల ధ్వని కావాలో తేల్చుకుని, ఆ తరువాత బోర్డు చెక్కను ఎంచుకోవడం మంచిది. రౌండ్‌వౌండ్‌లే కావాలంటే రోజ్‌వుడ్ కంటె గట్టిదైన ఎబొనీనో, పూత ఉన్న బోర్డునో చూడాలి. ఫ్లాట్‌వౌండ్‌లతో తృప్తిపడేవారికి రోజ్‌వుడ్ ఎంతకాలమైనా వస్తుంది. నా బోర్డులో ఇంకోసారి చిత్రిక పట్టేంత మందం ఉందని ఆ నిపుణుడు చెప్పాడు, రెండుసార్లకు మాత్రం హామీ ఇవ్వలేదు. ఈలోగా డి స్వరాన్ని వీలైనప్పుడల్లా డి తీగ మీద పన్నెండో స్థానంలో వాయిస్తున్నాను. అక్కడ అది అంత బాగా విచ్చుకోదు.