చెక్క విల్లుకి శాటిన్ ఫినిష్: వాడి చూశాక

వేటకి వాడే విల్లు అద్దంలా మెరిస్తే పెద్ద ఇబ్బంది. ఎండ పడగానే లింబ్స్ (పిడికి పైనా కిందా వంగే భాగాలు) తళుక్కుమంటాయి, విల్లు లాగేటప్పుడు కదిలే ఆ మెరుపే జంతువు కంట్లో ముందు పడుతుంది. అందుకే గుడ్డతో పూసే శాటిన్ పాలీయురేథేన్ (మెరుపు తక్కువుండే పారదర్శక వార్నిష్) తీసుకున్నాను, చాలా నచ్చింది.

డబ్బాని ఊపకండి, బుడగలొస్తాయి. కర్రతో అడుగుదాకా నెమ్మదిగా కలపండి, ఎందుకంటే మెరుపు తగ్గించే సన్నటి సిలికా పొడి కిందే పేరుకుని ఉంటుంది, అది కలవకపోతే మళ్లీ గ్లాసీగానే వస్తుంది.

పాత ఫినిష్ గట్టిగా అతుక్కుని ఉంటే మొత్తం గీకక్కర్లేదు. తాడు తీసేసి, మైనం, జిడ్డు తుడిచి, 320 గ్రిట్ శాండ్‌పేపర్‌తో పైపైన గరుకు చేస్తే చాలు. ఇక్కడ మాత్రం దయచేసి అతి చేయొద్దు! లింబ్ చెక్క అరిగితే విల్లు బలం తగ్గుతుంది, రెండు లింబ్స్ సమానంగా వంగవు, ఫైబర్‌గ్లాస్ పొర ఉన్న విల్లయితే అందులోని దారాలు తెగే ప్రమాదం కూడా ఉంది. పెయింట్ రిమూవర్, హీట్ గన్ జోలికి అసలు పోవద్దు, పొరల్ని పట్టుకున్న జిగురు దెబ్బతింటుంది.

పల్చటి పొరలు రెండు మూడు వేసి, ప్రతిదీ పూర్తిగా ఆరనివ్వాలి. ఇంకా మెరుస్తోందనిపిస్తే 0000 స్టీల్ ఊల్‌తో (అతి సన్నటి ఉక్కు పీచు) చెక్క చారల వెంబడి తేలిగ్గా రుద్దండి, మెత్తటి మసక వస్తుంది, చెక్క అందం ఎక్కడికీ పోదు.

ఒకే లోపం, చేత్తో పట్టుకునే చోట రాపిడికి మెల్లగా మళ్లీ మెరుపెక్కుతుంది, అక్కడ అప్పుడప్పుడూ రుద్దాలి. ఆయిల్ బేస్ రకమైతే వాడిన గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు, బయట విడివిడిగా ఆరేయండి.