బ్లైండ్ బేరింగ్ పుల్లర్ సెట్టు: లాగుతుంది, కానీ ముందు హెడ్ వేడెక్కాలి

బ్రష్ కట్టర్లు, స్ప్రేయర్లు, నీళ్ల ఇంజన్లు బాగుచేసే చిన్న షాపు మాది. గేర్ హెడ్ అడుగున, వెనక నుంచి తట్టే దారి లేని చోట (బ్లైండ్ అంటే అదే) బేరింగ్ ఇరుక్కుంటే ఇన్నాళ్లూ రెండు స్క్రూడ్రైవర్లు పెట్టి అటోసారి ఇటోసారి పెకలించేవాళ్లం, పోయిన సీజన్లో అలాగే ఒకరి హెడ్ అంచు పగిలి కొత్తది నా డబ్బుతో వేసివ్వాల్సి వచ్చింది. ఆ మంట మీదే ఆన్‌లైన్లో ఇది తెప్పించా. పేరున్న కంపెనీ కాదు, రెండు వేల లోపే. 8 నుంచి 32 మిల్లీమీటర్ల దాకా కాలెట్లు (కొస చీలి ఉండే పట్టు ముక్కలు), ఒక రాడ్డు, దాని మీద జారే బరువు.

కాలెట్‌ను బేరింగ్ బొక్కలోకి దింపి బిగిస్తే దాని కొస విచ్చుకుని లోపలి రింగు కింద పట్టుకుంటుంది, ఇక బరువును టక్కున వెనక్కి కొట్టడమే. సైజు ఎంచుకోవడం కష్టం కాదు: బేరింగ్ మీది నంబరు 6202 అయితే బొక్క 15 మిల్లీమీటర్లు, 6203కి 17, చివరి రెండంకెలు 04 నుంచి మాత్రం వాటిని ఐదుతో గుణిస్తే సరిపోతుంది, అంటే 6205కి 25.

మొదటి రోజే తప్పు చేశా. చల్లటి హెడ్ మీద పది దెబ్బలు కొట్టా, కదల్లేదు, ఇంకాస్త బిగించా, 10 నంబరు కాలెట్ చీలిక దగ్గర పుటుక్కున విరిగింది. చిన్న సైజులు మరీ పల్చగా ఉన్నాయి, ఆ మాట నిజం. కానీ తప్పంతా దానిదే అనలేను. తర్వాతి హెడ్‌ను, గ్రీజు, సీలు తీసేసి, నీటి చుక్క పడితే సుయ్యిమనేంత వేడి చేశా, మూడో దెబ్బకే బేరింగ్ చేతిలోకి వచ్చింది. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కదా, పట్టు వదిలేస్తుంది.

ఇలా లాగిన బేరింగ్ మళ్లీ వేయకండి. దెబ్బ బలమంతా గోళీల మీదుగా పోతుంది, గాడిలో సొట్టలు పడతాయి. మిగిలేది హెడ్ ఒక్కటే, నాకు కావలసిందీ అదే.

బిగించడానికి సెట్టులో ఏమీ ఇవ్వలేదు. కొత్త బేరింగ్‌ను కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రీజర్లో పెడతా (మా ఆవిడ ఐస్ ట్రే పక్కన చూసి ఏమందో ఇక్కడ రాయలేను), పొద్దున హెడ్ వేడి చేసి వేస్తే చాలాసార్లు దానంతటదే జారి కూర్చుంటుంది. సీలున్న బేరింగ్‌ను మంట దగ్గరకు తీసుకెళ్లొద్దు, లోపల గ్రీజు, రబ్బరు పాడవుతాయి. పూర్తిగా దిగకుండా మధ్యలో ఆగిపోతే పాత బేరింగ్ బయటి రింగును కాస్త సానబట్టి పైన పెట్టి తట్టండి. హెడ్‌లోకి దించేటప్పుడు బయటి రింగు మీదే దెబ్బ పడాలి, షాఫ్టు మీదికైతే లోపలి రింగు మీద.

హోండా జీఎక్స్160 లాంటి ఇంజన్ల క్రాంక్ బేరింగుల కోసమే అయితే ఇది కొనక్కర్లేదు. ఆయిల్ సీల్ తీస్తే బయటి నుంచి తట్టి ఊడదీయొచ్చు.

ఐదుకి మూడు స్టార్లు. అమ్మినవాళ్లను అడిగితే కాలెట్ విడిగా ఇవ్వం, సెట్టు మొత్తం కొనమన్నారు. 10 నంబరు ఒక్కటే ఎక్కడైనా దొరికితే చెప్పండి, లేకపోతే లేతు దగ్గర చేయించుకుంటా.