నిలబడ్డ కాలికి తీసిన కొలత: నల్గొండలో ఒక చెప్పుల దుకాణం

నల్గొండ ప్రకాశం బజారు దాటి లోపలి సందులోకి మళ్లితే, రెండు షట్టర్ల మధ్య ఒదిగి ఉన్న ఒక చిన్న దుకాణంలో మా అమ్మకు రెండు జతల చెప్పులు కుట్టించాను. మొదటి జత వాడకం మొదలై ఏడు నెలలు, రెండో జతకు మూడు నెలలు అయ్యాయి. ఆ దుకాణానికి బోర్డు లేదు. కుట్టే పెద్దాయన తన పేరు నలుగురిలో పెట్టవద్దని కోరాడు కాబట్టి దానిని రాయడం లేదు. కాళ్ల తీరు వల్ల ఏ దుకాణంలోనూ సరైన చెప్పు దొరకక ఇబ్బంది పడేవారు మన జిల్లాలో చాలా మంది ఉన్నారు. వారి కోసం, వారిని బజారుకు తీసుకువెళ్లే పిల్లల కోసం ఈ వివరాలు రాస్తున్నాను.

ముందుగా అమ్మ పాదాల సంగతి చెప్పాలి. ఆమె పుట్టి పెరిగింది మర్రిగూడ వైపు పల్లెలో. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. ఆ హద్దు సంగతి ఎవరికీ తెలియని కాలంలో, అంతకు కొన్ని రెట్లు ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగి ఎదిగిన తరం ఆమెది. చిన్నతనంలోనే మోకాళ్లు లోపలికి ఒరిగాయి. మోకాలు అలా ఒరిగినప్పుడు ఒంటి బరువు పాదం లోపలి అంచు మీద పడి, అరికాలి వంపు ఏడాదికేడాది అణిగిపోతుంది. అమ్మకు ఇప్పుడు వంపు అసలే లేదు. తడి కాలితో గచ్చు మీద నడిస్తే పాదం మొత్తం అచ్చు పడుతుంది. ఎడమ బొటనవేలు పక్క వేలి మీదికి వాలింది, దాని మొదట్లో ఎముక రేగుపండంత ఉబ్బింది. ఇప్పుడు ఇంటి నల్లాకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి, అయినా అప్పుడు వంగిన ఎముక ఇక నిటారు కాదు. వీటన్నిటికీ తోడు పద్నాలుగేళ్ల షుగర్ ఉంది. డాక్టరు సన్నని నైలాన్ పోగును అరికాలి మీద ఒక్కోచోట ఆనించి, 10 గ్రాముల ఒత్తిడికి వంగే ఆ పోగు తగిలినట్టు తెలుస్తోందా అని అడిగినప్పుడు, ముందరి పాదం కింద రెండు చోట్ల ఆమెకు ఏమీ తెలియలేదు.

ఇలాంటి పాదాన్ని పట్టుకొని మూడేళ్లలో ఆరు జతలు కొన్నాం. ఆరు నంబరు పొడవుకు సరిపోతే వెడల్పుకు బిగిసేది. ఏడు నంబరు వెడల్పుకు కొంత నయమైతే మడమ దగ్గర వదులై, అడుగు వేసినప్పుడల్లా చెప్పు జారేది. మన దుకాణాల్లో నడిచే నంబర్లలో ఒక్కో నంబరుకు పొడవు సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ నంబరు చెప్పేది పొడవును మాత్రమే, పాదం వెడల్పు గురించి, దాని చుట్టుకొలత గురించి అందులో ఏమీ ఉండదు. అసలు ఆ నంబర్లు మన పాదాలను కొలిచి పెట్టినవి కావు, ఇంగ్లండు నుంచి వచ్చినవి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి దేశమంతటా లక్షకు పైగా మంది పాదాలను కొలిచి, భారతీయుల పాదాలు మొత్తం మీద వెడల్పు ఎక్కువని గుర్తించి, ‘భా’ అనే కొత్త కొలతల పద్ధతిని సూచించింది. అది బజారులోకి వచ్చే రోజు కోసం నేను నిజంగా ఎదురు చూస్తున్నాను. అయితే ఏ నంబరు పద్ధతి వచ్చినా, ఎడమ పాదం ఒక తీరు, కుడి పాదం ఒక తీరు ఉన్న అమ్మలాంటి వారికి చెప్పు విడిగా కుట్టించక తప్పదు.

ఆరో జతను నగరంలోని ఒక పెద్ద షోరూములో కొన్నాం. మెత్తగా ఉంది, ఖరీదూ ఎక్కువే. బొటనవేలి దగ్గర బిగుతుగా ఉందని నేను అన్నప్పుడు, వాడగా వాడగా సాగుతుందని అక్కడి అబ్బాయి చెప్పాడు. అలాగేనని తీసుకున్నాను, అది నా తప్పు. నొప్పి తెలిసే కాలు బిగుతు చెప్పును తనే విడిపించుకుంటుంది. అమ్మ కాలు ఎలాంటి హెచ్చరికా ఇవ్వలేదు. నాలుగో రోజు సాయంత్రం కాళ్లు కడుగుతుంటే ఉబ్బిన ఎముక మీద చర్మం లేచిపోయి కనిపించింది. ఆ పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. కట్టు మార్చడానికి వెళ్లిన చోట ఒక నర్సమ్మ ఈ దుకాణం గుర్తులు చెప్పింది.

మేము మొదటిసారి ఉదయం పదకొండు గంటలకు వెళ్లాం. ఆయన పాదాలను రెండు చేతులతో పట్టుకొని పైనా కిందా చూశాడు. “పుండు మానింది గని తోలు ఇంక లేతగనే ఉంది. పది రోజులు ఆగి, సాయంత్రం నాలుగు దాటినంక తీస్కరాండ్రి మేడమ్. పొద్దున కొలిస్తే పొద్దటి కాలికే సరిపోతది,” అన్నాడు. చేతికి వచ్చిన పనిని ఆ రోజు వద్దనడం వల్ల నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. సాయంత్రానికి పాదం కొంత వాస్తుందని, పాదరక్షలు ఆ వేళకే కొనాలని వైద్యులు కూడా చెబుతారు.

పది రోజుల తర్వాత వెళ్లినప్పుడు కొలతకే ముక్కాలు గంట పట్టింది. ముందు అమ్మ పాత చెప్పులను తిరగేసి చూశాడు. రెండింటికీ లోపలి అంచు అరిగి, ఎడమ చెప్పులో బొటనవేలి మొదట గుంట పడి ఉంది. తర్వాత అట్ట మీద అమ్మను నిలబెట్టాడు. అమ్మ అలసిపోయి కూర్చోబోతే, “అమ్మా, ఇంకొంచెం సేపు నిలవడు. కూసున్న కాలు వేరే, నిలవడ్డ కాలు వేరే,” అని తన భుజం పట్టుకోమన్నాడు. పెన్సిలును నిటారుగా పట్టుకొని రెండు పాదాల చుట్టూ గీశాడు. ఆ తర్వాత అదే అట్ట మీద, కూర్చోబెట్టి, వేరే రంగుతో మరొకసారి గీశాడు. రెండు గీతల మధ్య తేడా ఎడమ పాదానికి ముందు భాగంలో చిన్న వేలి వెడల్పంత ఉంది. ఏ దుకాణంలోనూ ఎవరూ మాకు ఆ తేడా చూపించలేదు. అందరూ స్టూలు మీద కూర్చోబెట్టే చెప్పు తొడిగారు. వేళ్ల మొదట్లో, పాదం నడుమ, మడమ మీదుగా మూడు చుట్టుకొలతలు టేపుతో తీసుకొని అట్ట మీదనే రాసుకున్నాడు. చివరగా వీధిలో ఇరవై అడుగులు నడవమని వెనుక నుంచి చూశాడు.

చెప్పులో అరికాలికి తగిలే పొర ఎంసీఆర్, అంటే మైక్రో సెల్యులర్ రబ్బరు. కంటికి కనిపించనంత చిన్న గాలి గదులతో నిండి ఉండే ఈ రబ్బరు బరువు పడినచోట అణిగి, ఆ బరువును చుట్టూ పంచుతుంది. కుష్ఠు వ్యాధి వల్ల స్పర్శ పోయిన పాదాలకు పుండ్లు పడకుండా తమిళనాడులోని వెల్లూరు, కరిగిరి ఆసుపత్రులలో పాల్ బ్రాండ్ వంటి వైద్యులు చేసిన పనితో ఇలాంటి చెప్పులు మన దేశంలో వాడుకలోకి వచ్చాయి. ఇవాళ అవి షుగర్ ఉన్నవారి చెప్పులుగా ప్రతి ఊళ్లోనూ అమ్ముతున్నారు. అయితే ఆ రబ్బరు ఉన్నంత మాత్రాన చెప్పు మంచిదైపోదు. నేను విడిగా కొన్న ఎంసీఆర్ జతలు రెండూ మెత్తగానే ఉన్నాయి; కానీ ఒకదానికి మడమ వెనుక పట్టీ లేదు, మరొకదానికి బొటనవేలు దూర్చే ఉంగరం ఉంది. స్పర్శ లేని కాలి నుంచి వెనుక పట్టీ లేని చెప్పు ఊడిపోయినా తెలియదు, ఆ ఉంగరం వేళ్ల మధ్య ఒరుసుకున్నా తెలియదు.

ఈయన కుట్టిన జతకు మెత్తటి పొర కింద గట్టి రబ్బరు సోలు ఉంది. ఎక్కడా మేకు లేదు. అంతా కుట్టు, సొల్యూషన్. మేకు పైకి తేలితే అమ్మకు తెలియదని నేను చెప్పకముందే ఆయనకు తెలుసు. అరికాలి వంపు కింద మెత్తగా కొంచెం ఎత్తు పెట్టాడు. లోపలి అంచున సోలును కొద్దిగా మందం చేశాడు, దానితో పాదం లోపలికి ఒరగడం తగ్గింది. ముందు పట్టీ ఉబ్బిన ఎముకకు అవతల మొదలవుతుంది, అందుకని కుట్టు ఏదీ ఎముక మీదికి రాదు. మూడు పట్టీలకూ వెల్క్రో ఉంది కాబట్టి వాపును బట్టి అమ్మే బిగించుకుంటుంది, సడలించుకుంటుంది.

మొదటి తొడుగులో ఎడమ పట్టీ ఇంకా ఆనుతోంది. అరగంట నడిపించి, చెప్పు విప్పి, చర్మం మీద ఎర్రగా మిగిలిన చోటును చూపించి, అక్కడ తోలును తడిపి లోపలి నుంచి గుండ్రటి చెక్కతో తోసి ఉంచాడు. అప్పుడు నా వెంట మా అన్న కొడుకు ఉన్నాడు. అమెరికాలో ఉంటూ చలికాలంలో మంచు మీద స్కీయింగ్‌కు వెళ్లే వాడికి ఆ పని చూడగానే తన బూట్లు గుర్తుకు వచ్చాయి. స్కీ బూటు పై కవచం గట్టి ప్లాస్టిక్, అది తోలులా సాగదు. అందుకని కొలిచే మనిషి లోపలి మెత్త తీసేసి, వట్టి కవచంలో కాలు పెట్టించి, వేళ్లు ముందుకు ఆనినప్పుడు మడమ వెనుక ఎన్ని వేళ్ల సందు ఉందో చూస్తాడట. ఎముక ఒరుసుకునే చోట ప్లాస్టిక్‌ను వేడి చేసి బయటికి తోస్తాడట. నొప్పి భయంతో మొదట వీడు ఒక సైజు పెద్దది కొన్నాడు. మడమ లోపల ఎగిరి, వేళ్లు ముందుకు కొట్టుకొని గోళ్లు నల్లబడ్డాయి. వెడల్పు చాలక పొడవు పెంచుకోవడమనే పొరపాటు మేము ఏడు నంబరుతో చేసిందే.

ఇప్పుడు లోపాలు. ఎనిమిది రోజులన్న పని పంతొమ్మిది రోజులకు అయింది, ఫోను చేస్తే ఎత్తలేదు. పెద్దవారు కూర్చోవడానికి ఒక్క స్టూలే ఉంది, అది కూడా ఎత్తు తక్కువ. మోకాళ్లు వంగని వారు మనిషిని తోడు తీసుకువెళ్లాలి. రంగులు నలుపు, గోధుమ రెండే. మొదటి జత కుడి వెనుక పట్టీ కుట్టు నాలుగో నెలలో విడిపోయింది. డబ్బు తీసుకోకుండా కుట్టి ఇచ్చాడు, కానీ అంత బరువు పడే చోట ముందే రెండు వరుసలు కుట్టవలసింది. రెండో జతకు అలాగే కుట్టాడు. వానలో ఎంసీఆర్ నీళ్లు పట్టదు గాని పట్టీల తోలు తడిసి బిర్రుగా అవుతుంది, ఆరే దాకా వేయకూడదు. జతకు 1,650 రూపాయలు తీసుకున్నాడు. విడిగా దొరికే ఎంసీఆర్ జతకంటే ఇది రెండింతలకు దగ్గర. పుండుకు పెట్టిన ఖర్చుతో పోలిస్తే నాకు ఎక్కువ అనిపించలేదు. ఐదింటిలో నాలుగున్నర ఇస్తాను, తగ్గిన అర పూర్తిగా ఆలస్యానికి.

వెళ్లదలచినవారు పాత చెప్పులను పారేయకుండా తీసుకువెళ్లండి. పాదం మీద మానని పుండు, నల్లబడిన చర్మం, ఒక కాలు మాత్రమే వేడిగా వాయడం వంటివి ఉంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈయన కూడా అలాంటి కాలికి కొలత తీసుకోడు. కొత్త జతను మొదటి వారం రోజుకు గంట, రెండు గంటలకు మించి వేయవద్దు. విప్పిన ప్రతిసారీ అరికాలు, వేళ్ల సందులు చూడండి, ఎరుపు అరగంటలో పోకపోతే చెప్పుతో సహా వెనక్కి వెళ్లి చూపించండి. కొన్ని నెలలకు ఒకసారి బొటనవేలితో లోపలి రబ్బరును నొక్కి చూడండి; నొక్కిన గుంట పైకి లేవకపోతే ఆ పొర మార్చవలసిందే.

అమ్మ మొదటి జతలో ఎడమ ముందరి భాగం ఈ నెల నుంచి అలా అణిగే ఉంటోంది. చెప్పు మొత్తం మార్చనక్కర లేదని, పై పొర ఒక్కటే 300 రూపాయలకు వేస్తానని ఆయన చెప్పాడు. ఆ జతను శుక్రవారం సాయంత్రం ఇచ్చి వస్తాం; తిరిగి వచ్చేదాకా అమ్మకు రెండో జత ఉంది.